మళ్ళీ తిప్పు

మా పాట విన్నవాళ్ళు ముందు అడిగేది ఒకటే, అడుగున దమ్ దమ్మని మోగే ఆ బరువైన చప్పుడు ఎవరు వాయించారని. ఎవరూ వాయించలేదండీ. అది ముసల్ది. ముసల్దంటే ఎవరో పెద్దావిడ కాదు, మా మేనత్త లాండ్రీలో వెనక గదిలో ఉండే పెద్ద ఉతుకుడు మిషను. ఆ పేరు పెట్టింది అత్తే. తిరుగుతున్నంతసేపూ మూలుగుతుంది కాబట్టి ముసల్దట. కొన్నది నువ్వే కదా, నీకన్నా చిన్నదే కదా అని ఒకసారి వాదించబోయాను. అత్తతో వాదించి గెలిచినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు, ఆ రోజూ చూడలేదు.

పాట గురించి మొదలుపెట్టాను కానీ నేను చెప్పబోయేది అత్త గురించే. పాట ఆవిడదే కాబట్టి ఎటు తిరిగినా అక్కడికే వస్తాను.

నాకూ మా నాన్నకీ డ్రమ్ముల దగ్గర చెడింది. నాన్న గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. జీవితమంతా జనాన్ని "ష్" అనే ఉద్యోగం చేశాడు, ఇంట్లోనూ అదే కొనసాగించాడు. మా ఇంట్లో చెంచా కిందపడితే నేరం. అలాంటి ఇంటికి, ఎవరో వదిలించుకుంటుంటే, నేనొక పాత డ్రమ్ముల సెట్టు మోసుకొచ్చాను. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు రోజంతా అదే పని. పక్కింటివాళ్ళు వచ్చారు, పైయింటివాళ్ళు వచ్చారు, ఆఖరికి ఎదురు వీధివాళ్ళు కూడా వచ్చారు. ఇంట్లో అవైనా ఉండాలి, నేనైనా ఉండాలి అన్నాడు నాన్న. అమ్మ ఇద్దరి మధ్యా నిలబడి తలపట్టుకుంది. నేనూ ఆయన కూతుర్నే కదా, నేను పట్టిన కుందేటికీ మూడే కాళ్ళు.

అమ్మ ఫోన్ చేసినట్టుంది, సాయంత్రానికల్లా అత్త తన లాండ్రీ బండి వేసుకుని దిగింది. తగవు తీర్చలేదు, ఎవరికీ బుద్ధి చెప్పలేదు. డ్రమ్ముల చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో ఒకదాన్ని కొట్టి చూసి, సామాను ఎత్తండి అంది. హోటలు దుప్పట్ల మూటల మధ్య నా డ్రమ్ములూ, వాటి మధ్య నేనూ కూర్చుని లాండ్రీకి వెళ్ళాం. వెనక గదిలో ముసల్దాని పక్కన జాగా చూపించి, ఇది తిరుగుతుంటే నా మాట నాకే వినపడదు, నీ గోల ఎవడికి వినపడుతుందే అంది. మధ్యాహ్నం దాకా కౌంటర్లో కూర్చోవాలి, ఆ తర్వాత నా ఇష్టం వచ్చినట్టు బాదుకోవచ్చు. షరతు అదొక్కటే. నన్ను చూసి జాలిపడలేదు, నాకేదో ప్రతిభ ఉందని పొగడనూ లేదు. చోటిచ్చింది.

మామయ్య పోయినప్పటి నుంచీ ఆ లాండ్రీని అత్తే ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. కింద షాపు, పైన ఒక గది. హోటలు దుప్పట్లు, ఆసుపత్రి పక్కగుడ్డలు, మంగలిషాపుల తువ్వాళ్ళు. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. నోట్లో నువ్వుగింజ నానదు. ముసల్ది తిరుగుతున్నంతసేపూ మూత మీద అరచెయ్యి ఆనించి, బరువు ఎడమ కాలి మీదికీ కుడి కాలి మీదికీ మార్చుకుంటూ నిలబడుతుంది. బట్టలు లోపల ఒక పక్కకి చేరిపోతే ఆ చేతికి తెలిసిపోతుంది. ఇక పిండడం మొదలైతే ముసల్ది గడగడా వణుకుతూ ముందుకు జరుగుతుంది. నిజంగానే జరుగుతుంది, వదిలేస్తే గది దాటి వచ్చేలా ఉంటుంది. అప్పుడు అత్త దానికి నడుం ఆనించి ఆపుతుంది. కొత్తది కొనుక్కోవచ్చుగా అంటే, అది నన్ను నిలబెట్టింది, నేను దాన్ని నిలబెడుతున్నా, మధ్యలో నీకేంటి నొప్పి అనేది.

అత్తకి ఊతపదం ఒకటుంది. "మరక పోలేదా? మళ్ళీ తిప్పు." బట్టలకి చెప్పాల్సిన మాట, మనుషులకీ అదే. నాకు దరువు కుదరకపోతే మళ్ళీ తిప్పు. టీ పలచగా ఉంటే మళ్ళీ తిప్పు. బస్టాండులో బస్సుల వేళలు చదివే అమ్మాయి ఒకతి మా కౌంటరుకి బట్టలిచ్చేది, మేం తనని మైకు అంటాం. ఒక రోజు ప్రేమ చెడి కళ్ళు వాచిపోయి వచ్చింది. అత్త కథంతా విని, ముక్కు తుడుచుకోమని తువ్వాలిచ్చి, మళ్ళీ తిప్పు తల్లీ అంది. మైకు ఏడుపు ఆపి నవ్వింది. నవ్వాక, వెనక గదిలో నా మోత విని లోపలికొచ్చింది, తనకి పాడటం ఇష్టమని చెప్పింది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే కుర్రాడు గిటార్ వాయిస్తాడని తనే పట్టుకొచ్చింది. వాణ్ణి అద్దాలు అంటాం. అదీ మా బ్యాండు. ముగ్గురం మనుషులం, నాలుగోది ముసల్ది.

పాట పుట్టింది ఒక మధ్యాహ్నం. మంగలిషాపు తువ్వాళ్ళకి రంగు మరక పట్టి ఎంతకీ వదలట్లేదు. అత్త ప్రతిసారీ తువ్వాలు తీసి వెలుగులో చూడటం, మళ్ళీ తిప్పు అనడం, మూత వేయడం. నేను ముసల్దాని దరువు మీద నా దరువు వేసుకుంటూ పోతున్నా. అద్దాలు దాని మీద గిటార్ కలిపాడు, తీగలు రంపం కోసినట్టు కోస్తున్నాయి. మైకు ఊరికే, అత్తని ఏడిపించడానికి, మళ్ళీ తిప్పు అని గొంతు చించుకుని అరిచింది. ఒక్కసారి ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా పాట దొరికింది. అత్త మాత్రం తువ్వాలు చూస్తూనే, అరిస్తే అరిచారు గానీ మరక పోయింది అంది.

ఆ తర్వాత కొన్ని వారాలు అదే లోకం. పాట ఎలా నడవాలో ముసల్దే చెప్పింది. మొదట నానబెట్టడం, అంటే గిటార్ ఒక్కటే సన్నగా. తర్వాత ఉతకడం, నేనూ మైకూ దిగుతాం. తర్వాత జాడించడం, కాస్త నెమ్మది. ఆఖర్న పిండడం, ఇక పట్టపగ్గాలుండవు, ముగ్గురం ఊగిపోవడమే. మైకు రాసిన మాటలివి:

మరక పోలేదా? మళ్ళీ తిప్పు
మనసు ఆరలేదా? మళ్ళీ తిప్పు
నలిగిన చోటే నిలబడి చూడు
నవ్వొచ్చేదాకా తిప్పు, తిప్పు

ఒక రోజు అద్దాలు తన ఫోనుని తువ్వాల్లో చుట్టి, సబ్బుపొడి డబ్బాల మధ్య పెట్టి, పాట మొత్తం రికార్డు చేసి మాకూ పంపాడు. ముసల్దాని మూలుగుతో సహా అన్నీ పడ్డాయి. మధ్యలో ఎక్కడో అత్త దగ్గు కూడా ఉంది. అదొక్కటే మా దగ్గరున్న రికార్డు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. గదిలో గెలిచాం కదా అని, ఊళ్ళో కుర్రాళ్ళ బ్యాండ్లకి పోటీ పెడితే వెళ్ళాం. పెద్ద హాలు, రంగు దీపాలు, మా ఈడు పిల్లలు ఇసకేస్తే రాలకుండా ఉన్నారు. అత్త మంచి బట్టలు కట్టుకుని వచ్చి కూర్చుంది. నేను కర్రలెత్తాను. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు తెలిసింది నాకు, ఎన్ని నెలలుగా వాయిస్తున్నా, నిశ్శబ్దంలో నేను ఒక్కసారి కూడా మొదలుపెట్టలేదని. ఎప్పుడూ ముసల్ది ముందు తిరుగుతుండేది, నేను వెళ్ళి దానిమీద ఎక్కేదాన్ని. కంగారులో వేగంగా మొదలుపెట్టాను. అద్దాలు నన్ను అందుకోవాలని ఇంకా పరిగెత్తాడు. వాణ్ణి అందుకోవాలని నేను పరిగెత్తాను. మైకుకి మధ్యలో ఊపిరి తీసుకోవడానికి సందే దొరకలేదు పాపం. మళ్ళీ తిప్పు అనాల్సిన చోట ఒట్టి గాలి వచ్చింది. జాడించడం ఎక్కడ అయిందో పిండడం ఎక్కడ మొదలైందో మాకే తెలీదు. ముందు వరసలో ఎవరో నవ్వారు, ఆ తర్వాత అందరూ నవ్వారు.

వాపు చూసి బలుపు అనుకోవడమంటే అదే. ఆ దరువు మా చేతుల్లో ఉందనుకున్నాం, అది లాండ్రీలో ఉండిపోయింది. ఇంటికొస్తూ బండిలో అత్త వెనక్కి తిరిగి నన్ను చూసి, ఏముందే, మళ్ళీ తిప్పు అంది. నాకు ఒళ్ళు మండింది. ఈ మరక పోదత్తా, ఊరుకో అన్నాను. ఆ మర్నాటి నుంచి కర్రలు ముట్టుకోలేదు. మైకు బస్సుల పేర్లు చదువుకుంది, అద్దాలు అద్దాలు అరగదీసుకున్నాడు. అత్త మాత్రం డ్రమ్ముల మీద దుమ్ము పడకుండా రోజూ ఒక ఉతికిన దుప్పటి కప్పేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక పొద్దున, ముసల్దాని వెనక నీళ్ళ గొట్టం ఊడి గదంతా సబ్బునీళ్ళయ్యాయి. దాన్ని ఆపబోయి అత్త జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఇనుప కడ్డీ వేశారు. అంతా బాగా జరిగిందనీ, ఇక నడవడమే తరవాయి అనీ డాక్టరు చెప్పాడు.

నడవలేదు. అంటే నడవలేక కాదు, భయం. వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది, కాస్త కచ్చితం మనిషి. వాకరు ముందు పెట్టి, ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కపెడుతూ అడుగు వేయమనేది. అత్త బాగున్న కాలి మీద కొంగలా నిలబడేది కానీ రెండో కాలు నేలకి ఆనించేది కాదు. బరువు వేస్తే కడ్డీ విరిగిపోతుందని ఎవరో చెప్పినంత నమ్మకంగా భయపడేది. ఇప్పుడు బరువు వేయకపోతే ఆ కాలు చచ్చుబడిపోతుంది, ఆ తర్వాత చక్రాల కుర్చీయే గతి అని ఆ అమ్మాయి నాకు విడిగా చెప్పింది. ఎంత బతిమాలినా అత్త కళ్ళు మూసుకుని పడుకునేది. ఒక రోజు ఉండబట్టలేక, ఏముందత్తా, మళ్ళీ తిప్పు అన్నాను. ఈ మరక పోదే, ఊరుకో అంది. నా మాట నాకే తిరిగొచ్చింది.

ఇక్కడ నాన్న గురించి చెప్పాలి. అత్త పడిన రోజే షాపుకి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. చెల్లెలు ఇన్నాళ్ళు పడ్డ కష్టం చాలట, ఇక తన ఇంట్లో, ముందు గదిలో, కిటికీ పక్కన మంచం వేసి చూసుకుంటాడట. లాండ్రీ ఎవరికైనా ఇచ్చేస్తాడట. ఆయనది ప్రేమే, కాదనను. ఆసుపత్రిలో రోజూ అత్త తల దువ్వింది ఆయనే. కానీ ఆ ప్రేమకి అడ్డుకట్ట వేసేదెవరు? షాపు నేను చూసుకుంటానంటే, కర్రలు పట్టుకునే పిల్లకి లెక్కాపద్దూ ఏం తెలుసు అన్నాడు. నేనూ నాలుగు అన్నాను. నర్సు వచ్చి ఇద్దరినీ "ష్" అంది. నాన్నని ఇంకొకరు "ష్" అనడం నేను చూసింది అదే మొదలు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

ఆయన వెళ్ళాక అత్త నా చెయ్యి పట్టుకుంది.

"మీ ఇంట్లో గోడ గడియారం తప్ప ఏమీ వినపడదే. అన్నయ్య మంచోడే. కానీ అక్కడ నేను బతకను."

అత్త కంట నీళ్ళు నేను అప్పుడే చూశాను.

ఆ ఆసుపత్రి గదిలోనూ అదే గోలట, గోల లేకపోవడమే గోల. ఎన్నో ఏళ్ళుగా కింద ముసల్ది తిరుగుతుంటే మధ్యాహ్నం పైగదిలో కాసేపు కునుకు తీయడం అత్తకి అలవాటు. ఇక్కడ కన్ను మూతపడట్లేదంది. షాపు తెరిచి దాన్నొకసారి తిప్పవే, ఫోన్లో వింటాను అని చిన్నపిల్లలా అడిగింది. తాళంచెవి నాన్న జేబులో ఉంది, ఆయన ఇవ్వడు. అప్పుడు గుర్తొచ్చింది, సబ్బుపొడి డబ్బాల మధ్య తీసిన ఆ రికార్డు. హాల్లో నవ్వులపాలైన తర్వాత నేను దాన్ని వినలేదు, చెరిపేయనూ లేదు. సిగ్గు మింగి ఫోను అత్త దిండు పక్కన పెట్టాను.

ముసల్ది తిరగడం మొదలుపెట్టింది. అత్త కళ్ళు మూసుకుంది. గిటార్ వచ్చింది, నేను వచ్చాను, మైకు వచ్చింది. నిద్రపోతుందేమో అని మొహం చూస్తున్నా. దుప్పటి కదిలింది. కాళ్ళ దగ్గర. ఎడమ పాదం, కుడి పాదం, ఎడమ పాదం, కుడి పాదం. మిషను దగ్గర నిలబడి బరువు మార్చుకున్నట్టే, పడుకునే మార్చుకుంటోంది. రెండు పాదాలూ. ఆ సంగతి అత్తకి తెలీదు. నేను ఊపిరి కూడా తీయలేదు, తీస్తే ఆపేస్తుందేమో అని.

మర్నాడు వ్యాయామం అమ్మాయి చెవిలో విషయం వేశాను. రాక్ పాటా అని మొహం అదోలా పెట్టింది కానీ కాదనలేదు. వాకరు ముందు అత్తని నిలబెట్టి, లెక్క ఆపేసి, పాట పెట్టాం. ముసల్దాని చప్పుడు వినపడగానే అత్త కొంగ వేషం మానేసింది. కాస్సేపటికి ఆపరేషనైన కాలి మీదికి ఒరిగింది, మళ్ళీ ఇటు ఒరిగింది. వ్యాయామం అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉతకడం వరకూ బాగానే సాగింది. పిండడం దగ్గర వేగం పెరిగేసరికి అత్త బెదిరి వాకరు పట్టేసుకుంది. అది వద్దే, కట్టెయ్ అంది. కట్టేశాను. కాసేపు వగర్చి, చెమట తుడుచుకుని, మళ్ళీ తిప్పు అంది.

అలా మొదలై, మంచం నుంచి తలుపు దాకా, తలుపు నుంచి వరండా చివర దాకా. ఎప్పుడూ పిండడం ముందు ఆపేయడమే. వరండాలో మోగితే నలుగురికీ వినపడదా? మోకాలి చిప్ప మార్పించుకున్న ఒక తాతగారు, ఆ అరుపుల పాట మా గది ముందు కూడా పెట్టమ్మా అని కబురంపాడు. ఆయనకి పిండడమే ఇష్టం. భోజనాల బండి తోసే ఆవిడ ఆ దరువుకి అడుగులేయడం మొదలుపెట్టింది. చేతికి కట్టు ఉన్నవాళ్ళు రెండో చేత్తో మంచం మీద తాళం వేసేవాళ్ళు. మా ఈడు పిల్లలు నవ్విన పాటని, ఎముకల్లో కడ్డీలున్నవాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. మైకునీ అద్దాలునీ పిలిచి చూపించాను. వరండా మధ్యలో నిలబడి మైకు ఏడ్చేసింది. అద్దాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆసుపత్రి కింది అంతస్తులో పెద్ద గది ఉంది. అక్కడ నయమై వెళ్ళినవాళ్ళందరినీ పిలిచి ఒక రోజు చిన్న సభ చేస్తారట, అత్తని ఇంటికి పంపేదీ ఆ రోజేనట. ఆ రోజు మీరే వచ్చి వాయించాలి అని వ్యాయామం అమ్మాయి పట్టుబట్టింది. ఆ గదిలో ముసల్ది ఉండదు. మళ్ళీ అదే నిశ్శబ్దం. డ్రమ్ములంటే అద్దాలు ఎక్కడో అరువు తెస్తానన్నాడు గానీ, మిషను చప్పుడొక్కటే విడిగా రికార్డు చేసి పెట్టుకుందామా అంటే షాపుకి తాళం. తాళంచెవి అడగడానికి వెళ్తే నాన్నకీ నాకూ మళ్ళీ రాజుకుంది, అదీ అత్త మంచం పక్కనే.

"ఒక్క పాట సేపు ఎవరూ పట్టుకోకుండా, వాకరు లేకుండా నిలబడలేని మనిషి, రోజంతా మిషను దగ్గర ఎలా నిలబడుతుందే? నిలబడమను, తాళం ఇచ్చేస్తాను" అన్నాడు నాన్న.

కోపంలో అన్న మాటే, పందెమేం కాదు. కానీ అత్త కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది.

"మాట మీదుండు అన్నయ్యా. ఒక్క పాట. పిండడంతో సహా."

ఇక నా సంగతి ఆలోచించండి. హాల్లో పరిగెత్తితే పరువు పోయింది, అంతే. ఇక్కడ నేను పరిగెత్తితే అత్త అడుగు తప్పుతుంది, పడుతుంది. ఇంకోసారి పడితే ఇక లేవడం ఉండదు. అత్తతో చెప్పాను, నాకు భయంగా ఉంది, రికార్డే పెట్టి నిలబడు, నేను వాయించను అని. అత్త నా బుగ్గ గిల్లి, నాకు మాత్రం సరదాగా ఉందనుకున్నావా అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే భయం పోతుందంటారు, అబద్ధం.

ఆ రోజు ఆ గది నిండిపోయింది. చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వాళ్ళ పిల్లలు, మనవలు. మోకాలి తాతగారు ముందు వరసలో. నాన్న అత్తని చక్రాల కుర్చీలో తోసుకొచ్చి, మా ఎదురుగా ఒక స్తంభం పక్కన ఆపాడు. వ్యాయామం అమ్మాయి పట్టుకోవడానికి సిద్ధంగా వెనక నిలబడింది. అత్త కుర్చీ చేతులు ఊతంగా పట్టుకుని లేచింది. వాకరు తెస్తే వద్దని పక్కకి నెట్టింది. ఒక అరచెయ్యి మాత్రం స్తంభానికి ఆనించింది, ముసల్దాని మూత మీద ఆనించినట్టు.

నేను కర్రలెత్తాను. మళ్ళీ ఆ నిశ్శబ్దమే. నా చేతుల్లో దరువు లేదు, వెతుక్కుంటే దొరకలేదు. ఇక పరిగెత్తబోతున్నాను అనుకున్న క్షణాన అత్త వంక చూశాను. అత్త నన్ను చూడట్లేదు. నేలకేసి చూస్తోంది. కాళ్ళు అప్పటికే మొదలుపెట్టేశాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ముసల్ది వెనక గదిలో ఎంత నింపాదిగా తిరుగుతుందో అంత నింపాదిగా.

ఆ కాళ్ళ మీదికి ఎక్కాను నేను. అంతే. అద్దాలు నా మీద ఎక్కాడు, మైకు మా ఇద్దరి మీదా ఎక్కింది. మరక పోలేదా అని మైకు అడిగితే, గది గదంతా మళ్ళీ తిప్పు అంది. హాల్లో రాని ఊపిరి ఇక్కడ మైకుకి పుష్కలంగా వచ్చింది. జాడించడం దగ్గర నెమ్మదించాం. నేను అత్త పాదాల నుంచి కళ్ళు తిప్పలేదు. ఆపరేషనైన కాలు ఆనుతోంది, లేస్తోంది, ఆనుతోంది.

పిండడం వచ్చింది. ఇంతవరకూ అత్త ఎప్పుడూ దాటని చోటు. నాన్న అప్రయత్నంగా ముందుకొచ్చి చేతులు చాపాడు. అత్త ఆయన్ని చూడకుండానే వద్దన్నట్టు తలూపి, స్తంభానికి నడుం ఆనించింది. గడగడలాడే ముసల్దాన్ని ఆపినట్టే ఆనించి, పాదాలు గబగబా చిన్నగా మారుస్తూ నిలబడింది. మేం ఊగిపోయాం. తాతగారు కర్రతో నేల బాదాడు. నేను వాయిస్తున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీలేదు, కానీ పరిగెత్తలేదు. ఆఖరి దెబ్బ పడేదాకా అత్త నిలబడే ఉంది. పడ్డాక కూడా నిలబడే ఉంది.

ఆ చప్పట్ల సంగతి నేనేం చెప్పను. ఒంటి చేత్తో చప్పట్లు కొట్టలేనివాళ్ళు పక్కవాళ్ళ చేతిని అరువు తెచ్చుకున్నారు. నేను డ్రమ్ములు వదిలేసి అత్త దగ్గరికి పరిగెత్తాను. అత్త మొహమంతా చెమట. వగరుస్తూనే తీర్పు చెప్పింది, ఉతకడం బాగా కుదిరింది, పిండడంలో అద్దాలు కాస్త తొందరపడ్డాడు, ఇంకోసారి తిప్పాలి అని.

నాన్న జేబులోంచి తాళంచెవి తీశాడు. పాట బాగానే ఉంది, కొంచెం చప్పుడెక్కువ అన్నాడు. అది ఆయన నోట వచ్చిన పెద్ద పొగడ్త. తాళంచెవి అత్త ముందు పట్టుకున్నాడు. అత్త తీసుకోలేదు. ఒక చేత్తో స్తంభాన్నీ ఇంకో చేత్తో నా భుజాన్నీ పట్టుకుని ఉంది.

"నాకు చేతులు ఖాళీ లేవు. దానికివ్వు. షాపు తెరవాల్సింది అదే."

నాన్న నన్ను చూశాడు. ఆయన నన్ను అంతసేపు చూసి చాలా ఏళ్ళయింది. తాళంచెవి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. ఆయన జేబులో ఉండి ఉండి అది వెచ్చగా ఉంది. అత్తా, నాకు చోటిచ్చావు, దరువిచ్చావు, ఇప్పుడిది కూడానా అని అందామనుకున్నాను. అనేలోపే అత్తకి అర్థమైనట్టే ఉంది, భుజం మీద చెయ్యి గట్టిగా నొక్కి, ముందు నన్ను ఇంటికి తీసుకెళ్ళవే, దుప్పట్లు పేరుకుపోయుంటాయి అంది.

చక్రాల కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని నాన్న ముందు నడిచాడు. అత్త నా భుజం పట్టుకుని వెనక నడిచింది. తలుపు దాకా నేను దరువేం వేయలేదు. ఆవిడ అడుగుల చప్పుడు వింటూ, వాటికి నా అడుగులు కలుపుకుంటూ నడిచాను.